కాగితాలన్నీ సక్రమమే

1934 నాటి మన విమాన చట్టం ప్రకారం గాలిపటం కూడా విమానమే. నమ్మకపోతే నిర్వచనాల సెక్షను తిరగేయండి. బెలూన్లు, గ్లైడర్ల సరసన గాలిపటాన్నీ కూర్చోబెట్టారు. ఆ లెక్కన సంక్రాంతికి ధూల్‌పేటలో పతంగి కొనుక్కుని మేడెక్కిన ప్రతి కుర్రాడూ తొంభై ఏళ్లుగా విమానం ఎగరేస్తున్నట్టే. అయినా ఏ అధికారీ వాళ్ల జోలికి పోలేదు. వాళ్లకు లెటర్‌హెడ్ లేదు, జీఎస్టీ నంబరు లేదు, నోటీసు అంటించడానికి ఆఫీసు తలుపు లేదు. చిరునామా ఉన్నవాడంటేనే మన చట్టానికి మక్కువ. అలా చేజిక్కినవాడే చార్టర్ విమానాల ఆపరేటరు.

2025 జనవరి 1 నుంచి ఆ పాత చట్టం పోయి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. పేరు హిందీలో ఎందుకని పార్లమెంటులో దక్షిణాది సభ్యులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఆపరేటరు గోడు వేరు. చట్టం ఏ భాషలో ఉన్నా ఫైలు కదిలే వేగం అదే.

చార్టర్ కంపెనీ పెట్టాలనుకున్నవాడు ముందు పౌర విమానయాన శాఖ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. అంటే అతను ఈ పని మొదలుపెట్టడానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదని అర్థం. ఎగరడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు. కంపెనీ డైరెక్టర్ల పుట్టుపూర్వోత్తరాలు హోం శాఖ చూడాలి. ఆ తర్వాత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గడప తొక్కి నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ కోసం అయిదు దశలు దాటాలి. విమానయాన శాఖ ఉండే రాజీవ్ గాంధీ భవన్, డీజీసీఏ ఆఫీసు రెండూ ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం దగ్గరే ఉన్నాయి. రెండిటి మధ్యా ఆట్టే దూరం లేదు. ఆ విమానాశ్రయంలో మామూలు విమానాలు ఎగరడం మానేసి చాలా ఏళ్లయింది. దేశంలోని విమానాలన్నిటికీ రెక్కలిచ్చే ఆఫీసులు ఎగరని విమానాశ్రయం చుట్టూ కొలువుదీరాయి. వాస్తు అనుకోవాలి.

పర్మిట్ కావాలంటే విమానం చూపించాలి, పైలట్లను చూపించాలి, ఇంజినీర్లను చూపించాలి. కాబట్టి పర్మిట్ రాకముందే విమానం వచ్చి హాంగరులో కూర్చుంటుంది. బ్యాంకు వాయిదా నడుస్తుంది, పార్కింగ్ అద్దె నడుస్తుంది, పైలట్ జీతం నడుస్తుంది. నడవనిది ఫైలొక్కటే. పైలట్ ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలి. మంచి నియమం, చెయ్యి అలవాటు తప్పకూడదు. ఫైలు చూసేవాడికి మాత్రం చెయ్యి అలవాటు తప్పుతుందన్న బెంగ లేదు.

ఇక మాన్యువళ్లు. ఆపరేషన్స్ మాన్యువల్, ట్రెయినింగ్ మాన్యువల్, సేఫ్టీ మాన్యువల్, నిర్వహణ మాన్యువల్. విమానంలో ఏ పరికరం పాడైనా ఎగరవచ్చో, ఏది పాడైతే ఎగరకూడదో చెప్పే పుస్తకం మరొకటి. సెక్యూరిటీ ప్రోగ్రాం వేరే ఉంది, దానికి మరో బ్యూరో ఆమోదముద్ర. ఇవి కాక అకౌంటబుల్ మేనేజరు, ఆపరేషన్స్ అధిపతి, శిక్షణ అధిపతి, ఫ్లైట్ సేఫ్టీ అధిపతి, క్వాలిటీ మేనేజరు. నాలుగు సీట్ల హెలికాప్టరు ఒక్కటే ఉన్న కంపెనీలో సీట్ల కన్నా అధిపతులే ఎక్కువ. వీళ్లందరినీ ఒకేసారి ఎక్కించుకుని ఎగరడం ఆ హెలికాప్టరు వల్ల కాదు.

ఇన్ని పుస్తకాలు ఎవరు రాస్తారని ఆపరేటరు బెంగపడక్కర్లేదు. కన్సల్టెంటు ఉన్నాడు. పాత కంపెనీ పేరు తీసేసి కొత్త కంపెనీ పేరు పెట్టడం కంప్యూటరుకు క్షణం పని. అలా తయారైన పుస్తకాన్ని ఆపరేటరు చదవడు. పైలట్‌కు చదివే తీరిక ఉండదు. అధికారి విషయసూచిక చూసి టిక్కు పెడతాడు. కాగితానికి కాగితమే సాక్షి. 2021 నవంబరులో డీజీసీఏకు ఈజీసీఏ అనే వేదిక వచ్చి 298 సేవలు ఆన్‌లైన్ అయ్యాయన్నారు. శుభం. ఇప్పుడు సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసి పంపిస్తున్నారు.

ఈ నిబంధనల్లో నాకు అమితంగా నచ్చింది ఒకటుంది. చార్టర్ ఆపరేటరు ఒక రూటులో వరసగా సర్వీసులు నడుపుకోవచ్చు, సీటుకింత అని టికెట్లు కూడా అమ్ముకోవచ్చు. టైము టేబుల్ మాత్రం ప్రచురించకూడదు. విమానం ఉంది, సీటు ఉంది, రేటు ఉంది, ఎప్పుడు బయల్దేరుతుందో చాటకూడదు. వేళ చెబితే షెడ్యూల్డ్ ఎయిర్‌లైన్ అయిపోతుందట! వేళకు బయల్దేరినా బయల్దేరకపోయినా అచ్చువేసిన టైము టేబుల్ ఉంటేనే అసలైన ఎయిర్‌లైన్ అన్నమాట.

కాగితాలన్నీ దండగేనని నేననడం లేదు. బేగంపేటలో తలుపులు మూసుకుని నిలబడ్డ చార్టర్ విమానం కదలాలంటే ఇంకా రెండు నంబర్లు కావాలి. ఒకటి చెన్నైలోని ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చేది, రెండోది వైమానిక దళం తరఫున వచ్చే ఏడీసీ నంబరు. డిస్పాచరు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఫ్లైట్ ప్లాన్ కాగితం అంచున ఆ అంకెలు గబగబా రాసుకుంటాడు. మామూలుగా అది ఒక్క ఫోన్ కాల్ పని. అటు కూర్చున్నవాడికి ఆ క్షణాన ఆకాశంలో ఎవరున్నారో నిజంగా తెలియాలి, అందుకే ఆ పని జరుగుతుంది. అవసరం ఉన్న కాగితం ఎవరూ తొయ్యకుండానే కదులుతుంది.

తలుచుకుంటే తక్కినవీ కదులుతాయని చూడాలంటే ఎన్నికల దాకా ఆగండి. స్కూలు గ్రౌండులో సున్నంతో గుండ్రంగా గీసి మధ్యలో హెచ్ అక్షరం వేస్తారు. ఆర్ అండ్ బీ వాళ్లు నేల గట్టితనం చూస్తారు. ఫైరింజను వస్తుంది, అంబులెన్సు వస్తుంది, ఎస్ఐ గారు పిల్లల్ని గోడ అవతలికి తోలుతుంటారు. ఎన్నికల సంఘం సువిధ పోర్టల్లో హెలికాప్టరుకు, హెలిప్యాడుకు దరఖాస్తు పెడితే ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో గంటల్లో తేల్చాలన్నది నియమం. నాయకుడి సభా ఫైలు దారి తప్పిందన్న కబురు ఎప్పుడోగాని వినబడదు. పర్మిట్ కోసం ఏడాది పొడుగునా తిరిగే ఆపరేటరుకు దొరకని చురుకుదనం ఆ నెల రోజులూ ఎక్కడి నుంచి ఊడిపడుతుందో దేవుడికెరుక.

ఇంత కట్టుదిట్టంగా వడకడితే దొంగలు దొరకాలి కదా. కాస్త చరిత్ర చెబుతాను. 2007లో చార్టర్ సేవకు దిగుమతి చేసుకునే విమానాలకు కస్టమ్స్ సుంకం మినహాయించారు. అంతే, పెద్ద పెద్ద వ్యాపార సంస్థలకు ఉన్నట్టుండి చార్టర్ సేవ మీద మమకారం పుట్టుకొచ్చింది. పర్మిట్ తెచ్చుకున్నారు, విమానం తెచ్చుకున్నారు, ఎక్కిన ప్రయాణికులు మాత్రం చాలా వరకు సొంత మనుషులేనని కస్టమ్స్ వాళ్లు కేసులు పెట్టారు. ఆ తగాదాలు ట్రిబ్యునళ్లలో ఏళ్ల తరబడి సాగాయి. ఇది ఒక చివర. రెండో చివర, సొంత వాడకానికి రిజిస్టరు చేసిన విమానాన్ని చాటుగా అద్దెకు తిప్పేవాళ్లున్నారు. డబ్బిచ్చి ఎక్కినవాడు కాగితం మీద యజమాని గారి అతిథి. ఆతిథ్యం గంటకింత. మధ్యలో నలిగేది నిజంగా పర్మిట్ తెచ్చుకుని, నిజంగా ప్రయాణికులను తిప్పే చిన్న ఆపరేటరు.

ప్రమాదం జరిగిన మర్నాడు పేపరు చూడండి. కంపెనీ ప్రకటనలో మొదటి వాక్యం సంతాపం, రెండో వాక్యం కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయని. 2025లో చార్‌ధామ్ యాత్ర మొదలైన ఏడు వారాలలోపే మే 8న గంగోత్రి దారిలో ఆరుగురు, జూన్ 15న గౌరీకుండ్ దగ్గర ఏడుగురు హెలికాప్టర్లు కూలి చనిపోయారు. ఏటా మన ఊళ్ల నుంచి ఎందరో పెద్దవాళ్లు ఎక్కే సర్వీసులే అవి. ఆ హెలికాప్టర్లు గాలిపటాల్లా ఏ పర్మిటూ లేకుండా ఎగిరినవి కావు.

2009 సెప్టెంబరు 2 మనం మరిచిపోలేం. అది చార్టర్ కాదు, రాష్ట్ర ప్రభుత్వ సొంత హెలికాప్టరే. బేగంపేట నుంచి చిత్తూరు బయల్దేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి, తక్కిన నలుగురూ నల్లమలలో ముసురు మధ్య నేలకొరిగారు. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ గురించి హెచ్చరిక కనబడ్డాక, దానికి ఏం చేయాలో చెప్పే పేజీ వెతకడంలో పైలట్లు విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారని విచారణ కమిటీ రాసింది. ఆ వేళకు కావలసింది ఒక్క పేజీ. అది చేతికందే చోట ఉందా, పైలట్ దాన్ని ఎన్నిసార్లు సాధన చేశాడు అన్నది ఢిల్లీలో కూర్చుని ఫైలులో చూస్తే తేలదు. కాక్‌పిట్‌లో పక్కన కూర్చుని చూడాలి.

అలా చూసేవాళ్లు ఎందరున్నారు? డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నట్టు 2025లో పార్లమెంటు ముందుకు వచ్చిన లెక్కలే చెప్పాయి. విమానయాన శాఖ మొన్న విజయనగరం అశోక్ గజపతిరాజు గారి చేతిలో ఉండేది, ఇవాళ శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది. తెలుగువాళ్లం కాబట్టి కాస్త చనువుగానే అడుగుతున్నాం. మంత్రిగారూ, ఇంకో మాన్యువల్ అడగకండి. ఉన్నవాటిలో ఎవరూ చదవనివి తీసేసి, హాంగరుకు వచ్చి విమానాన్ని తట్టి చూసే ఇన్‌స్పెక్టర్లను వేయండి. వాళ్ల కోసం కొత్తగా ఏ కాగితమూ పుట్టించక్కర్లేదు. పోస్టులు ఎప్పుడో మంజూరై ఉన్నాయి.