ఓనరీయం అను అలారం సూత్ర వ్యాఖ్య

అవతారిక

చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్లేవాళ్లకు యడ్లపాడు ప్రాంతంలో ఎడమచేతి వైపు కొండవీటి కొండలు కనిపిస్తాయి. అక్కడ రాజ్యం చేసిన రెడ్లకు కత్తితో పాటు వ్యాఖ్యానమూ అలవాటే. కుమారగిరి రెడ్డి మంత్రి కాటయవేముడు కాళిదాసు నాటకాలు మూడింటికీ వ్యాఖ్య రాసి, ప్రభువు పేరు కలిసొచ్చేలా దానికి కుమారగిరిరాజీయమని పేరు పెట్టాడు. ఆ తర్వాత గద్దెనెక్కిన పెదకోమటి వేముడు ఇంకొకరి మీద ఆధారపడకుండా తానే అమరుశతకానికి శృంగారదీపిక రాశాడు. ఆరువందల ఏళ్లు గడిచినా ఆ గాలి ఈ చుట్టుపక్కల తగ్గలేదు. కావాలంటే హైవే పక్క రేకుల షెడ్డులో సీఎన్‌సీ లేత్ ముందు నిలబడి చూడండి. తెర మీద ఎర్రక్షరాల్లో ఒక పంక్తి వెలిగిందా, టీ గ్లాసులతో సహా నలుగురు వ్యాఖ్యాతలు హాజరు.

ఈ వ్యాఖ్యకు కరెంటు బిల్లు కట్టే ప్రభువు షెడ్డు ఓనరు గనుక, కాటయవేముడి దారిలోనే దీన్ని ఓనరీయమంటున్నాం.

సూత్రకారుడు జపాను దేశస్థుడు. ఫుజిత్సు సంస్థలో 1956లో ఇనాబా సెయియుఎమొన్ మొదలుపెట్టిన మెషిన్ కంట్రోళ్ల పని 1972లో విడి సంస్థ అయింది. ఫానక్ అనే పేరుతో ప్రపంచమంతా తిరిగి మన షెడ్డులోకీ వచ్చింది. సూత్రకారుడికి మాటల పొదుపు ఎక్కువ. అర మాత్ర మిగిలిందని మురిసిపోయిన మన వ్యాకరణవేత్తలు కూడా ఇతని ముందు వాచాలురే.

వ్యాఖ్యాతల్లో మతభేదాలున్నాయి. ఓనరుది అద్వైతం: మెషిన్ సత్యం, అలారం మిథ్య, రీసెట్ కొట్టగానే మాయ విడిపోతుంది. స్పేర్లు అమ్మేవాళ్లది ద్వైతం: డ్రైవ్ వేరు, మోటారు వేరు, కాబట్టి రెండూ మార్చాలి. ఎలక్ట్రీషియన్ విశిష్టాద్వైతి. మెషినూ అలారమూ రెండూ కరెంటుకు శరీరాలే అంటాడు. వోల్టేజి పడిపోయి ఎస్‌వీ 0433 వచ్చిన రోజున అతనే గెలుస్తాడు. మిగతా రోజుల్లోనూ గెలిచాననే అనుకుంటాడు.

ప్రథమ సూత్రం

మూలం: ఎస్‌వీ 0411 ఎక్స్ ఎక్సెస్ ఎర్రర్ మూవింగ్

ప్రతిపదార్థం: ఎస్‌వీ = సర్వో అను పేరుగల వర్గమునకు చెందిన; 0411 = నాలుగువందల పదకొండవది; ఎక్స్ = జాబు వ్యాసమును శాసించు అక్షమందు; మూవింగ్ = కదలుచుండగా; ఎర్రర్ = పొమ్మన్న చోటికిని పోయిన చోటికిని గల యెడము; ఎక్సెస్ = హద్దు మీరినది. 'ఆయెను' అను క్రియ అధ్యాహార్యము.

తాత్పర్యం: కంట్రోలు ఫలానా చోటికి రమ్మంటుంది. ఎక్కడి దాకా వచ్చిందో మోటారు వెనకనున్న పల్స్‌కోడర్ చెబుతుంది. కదులుతున్నంతసేపూ ఆ రెండు లెక్కల మధ్య కొంత తేడా ఉండనే ఉంటుంది. ఎంత ఉందో డయాగ్నోసిస్ పేజీలో 300 దగ్గర చూసుకోవచ్చు. ఆ తేడా 1828 నంబరు పారామీటర్‌లో రాసిన అంకె దాటితే ఈ సూత్రం పుడుతుంది. కదలకుండా ఉన్నప్పుడు దాటితే దీని కవల 0410. దాని హద్దు 1829లో ఉంటుంది.

విశేషాలు: సూత్రకారుడు ఏం జరిగిందో చెప్పాడు, ఎందుకు జరిగిందో చెప్పలేదు. 'ఎక్స్' అన్నాడు గదా అని వెంటనే ఎక్స్ మోటారు విప్పడం మహాపాతకం. ముందు ఆపరేటరును విచారించాలి.

"టూలు గుద్దిందిరా?"

"గుద్దలేదన్నా. కొంచెం తగిలింది."

ఈ 'కొంచెం తగలడం' అర్థం తెలియాలంటే టరెట్ అలైన్‌మెంట్ చూడాలి. అది బాగానే ఉంటే స్లైడ్ కవరులో ఇరుక్కున్న చిప్స్, ఎండిపోయిన లూబ్ ట్యాంకు, పట్టేసిన బాల్‌స్క్రూ బేరింగు, కూలెంట్‌లో నానిన కేబులు వరసగా సాక్ష్యానికి వస్తాయి. సాక్షుల్ని విడదీయడానికి సర్వో లోడ్ మీటరు పనికొస్తుంది. లోడు బాగా పైకి లేచి ఆగితే అడ్డం ఇనుములో ఉన్నట్టు. లోడు లేవకుండా, అక్షం కదలకుండా అలారం వస్తే లోపం తీగలోనో డ్రైవ్‌లోనో ఉన్నట్టు. కరెంటు ఆపి బాల్‌స్క్రూ చేత్తో తిప్పి చూస్తే చాలా అనుమానాలు తీరతాయి. అయితే ఏటవాలు బెడ్ మీది ఎక్స్ అక్షం బ్రేకు వదిలితే కిందికి జారుతుంది. ముందు చెక్క దిమ్మ ఆనించి ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. వ్యాఖ్యాతకు పది వేళ్లూ అవసరమే.

శంక: 1828లో అంకె పెంచేస్తే అలారం రాదు గదా?

సమాధానం: రాదు. చెక్కుపోస్టులో బారుగేటు పీకేస్తే ఓవర్‌లోడు లారీలు రావడం కూడా అలాగే ఆగిపోతుంది. ఆ అంకె మెషిన్ తయారుచేసినవాళ్లు లెక్కగట్టి పెట్టింది. దాన్ని ఎవరు, ఎప్పుడు మార్చారో అడిగితే షెడ్డులో అందరికీ ఒకేసారి దగ్గు వస్తుంది.

ద్వితీయ సూత్రం

మూలం: ఎస్‌వీ 0401 ఇంప్రాపర్ వీ రెడీ ఆఫ్

తాత్పర్యం: సిద్ధంగా ఉండాల్సిన సర్వో సిద్ధంగా లేదు. ఇది తరచూ ఒంటరిగా రాదు, ఇంకో అలారం వెంట బోయీలా వస్తుంది. పల్లకీలో ఎవరున్నారో చూడకుండా బోయీని నిలదీయడం వృథా. అలారం జాబితాలో పక్కనున్న రెండో నంబరు ఏమిటో చూసి ముందు దాని సంగతి తేల్చాలి. జాబితాలో ఇదొక్కటే ఉంటే ఎమర్జెన్సీ స్టాప్ లైను, కాంటాక్టరు చూడాలి. రీసెట్ కొట్టేశాక అయ్యో ఏ నంబరు వచ్చిందోనని తల పట్టుకోనక్కర్లేదు. మెసేజి మీట నొక్కితే హిస్టరీ పేజీలో తేదీ, టైముతో సహా ఉంటుంది. అద్వైతులకు ఈ పేజీ ఒకటుందని తెలియదు.

పీఎస్ 0010, అంటే తప్పు జీ కోడ్, ప్రోగ్రామ్ రాసినవాడి ఖాతా. వ్యాఖ్య అనవసరం.

తృతీయ సూత్రం

మూలం: ఓహెచ్ 0701 ఫ్యాన్ మోటార్ స్టాప్

పాఠాంతరం: ఓహెచ్ 0700 లాకర్ ఓవర్‌హీట్

ప్రతిపదార్థం: ఓహెచ్ = వేడి మిక్కుటమగుట అను వర్గమందలి; ఫ్యాన్ మోటార్ = కంట్రోలును చల్లబరచు విసనకఱ్ఱను ద్రిప్పునది; స్టాప్ = నిలిచిపోయినది. 'ఓహ్' అని ఆశ్చర్యార్థకముగా గ్రహించువారును గలరు. మే నెలలో ఆ పాఠమే రమ్యము.

తాత్పర్యం: ఫ్యాను తిరగడం లేదు. లేదా పెట్టెలో వేడి హద్దు దాటింది.

విశేషాలు: ఈ సూత్రం దగ్గరే పేట వ్యాఖ్యానం మిగతా దేశాల వ్యాఖ్యానంతో విడిపోతుంది. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి, మెదక్ సీమ కొల్చారం వాడంటారు, మూలంలో ఆధారం లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేసి దానికి కట్టుబడ్డాడు. ఆ ప్రతిజ్ఞ ఈ షెడ్డులో చెల్లదు. ఇక్కడ అసలు సంగతి మూలంలో లేదు, గాలిలో ఉంది.

పత్తి తీతలు మొదలయ్యాక జిన్నింగు మిల్లుల్లో రోలర్లు గింజను ఒక పక్కకీ దూదిని ఒక పక్కకీ తోస్తాయి. ఆ రెండు పక్కలకీ పోకుండా మిగిలిన నూగు గాలిలోకి లేస్తుంది. గణపవరం వైపు స్పిన్నింగు మిల్లులు దీనికి తమ వంతు కలుపుతాయి. ఆ మిల్లుల పనే నమ్ముకుని షాఫ్టులు, బుష్‌లు, రోలర్లు తిప్పే లేత్ షెడ్లు వాటికి దగ్గర్లోనే ఉంటాయి. నూగు ప్యానెల్ ఫిల్టరు మీద వాలుతుంది. దాని మీద కూలెంట్ ఆవిరి, నూనె తుంపర పడతాయి. మళ్లీ నూగు, మళ్లీ నూనె. కొన్నాళ్లకు ఫిల్టరు మీద కంబళి నేసినట్టవుతుంది. ఫ్యాను తిరిగినా గాలి లోపలికి పోదు. పెద్ద ఎండల్లో రేకు పైనుంచి కాలుస్తుంది, కంబళి కింద ఊపిరి ఆడదు.

మిరపను మాత్రం ఇందులోకి లాగకండి. కళ్లాల్లో కాయలు ఎండేసిన రోజుల్లో ఏ అలారం వచ్చినా ఘాటు వల్లేనని తీర్మానించేవాళ్లున్నారు. ఘాటుకు తుమ్మేది మనిషి, మెషిన్ కాదు. దూదిని మాత్రం ఎవరూ అనుమానించరు.

అలంకారం: అసంగతి. కారణం ఒక చోట, కార్యం ఇంకో చోట. నూగు లేచింది మిల్లులో, అలారం మోగింది షెడ్డులో. ఫుజి పర్వతం పక్క ఓషినోలో ఉన్న సూత్రకారుడు ఫిల్టరు శుభ్రంగా ఉంచమని రాసి ఊరుకున్నాడు. ఎన్నాళ్లకోసారో కొండవీడు పక్కనున్నవాళ్లే తేల్చుకోవాలి. సీజనులో వారానికోసారి విప్పి చూస్తే దండగ లేదు.

అపవ్యాఖ్య: ప్యానెల్ తలుపు బార్లా తెరిచి, స్టాండు ఫ్యాను ఎదురుగా పెట్టడం. దీన్ని పాటించని షెడ్డు అరుదు. ఆ పూటకు వేడి తగ్గుతుంది, అలారం పోతుంది, ఓనరు సంతోషిస్తాడు. ఫిల్టరు మీద ఆగాల్సిన నూగు, నూనె తిన్నగా బోర్డుల మీద చేరతాయి. రాబోయే అలారాలకు అది విత్తనాల సంచి. తలుపు మూసి ఫిల్టరు కడగండి. చాలకపోతే ప్యానెల్‌కు ఏసీ పెట్టించండి.

శాఖాభేదం

ఈఎక్స్ అని మొదలై వెయ్యి నుంచి నడిచే నంబర్లు ఫానక్‌వి కావు, మెషిన్ కట్టినవాళ్లవి. లూబ్ ఆయిల్, హైడ్రాలిక్ ప్రెషరు, చక్ బిగింపు, తలుపు వంటివన్నీ ఇందులోకే వస్తాయి. బెంగళూరు మెషిన్‌లో లూబ్ ఆయిల్ అయిన నంబరే రాజ్‌కోట్ మెషిన్‌లో చక్ ప్రెషరు కావచ్చు. పాత షెడ్డులో కంఠస్థం చేసిన అర్థం కొత్త షెడ్డులో అప్పజెప్పకూడదు. మెషిన్‌తో వచ్చిన పుస్తకం బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఓనరు బావమరిది దగ్గర ఉంటుంది.

చతుర్థ సూత్రం

మూలం: డీఎస్ 0307, డీఎస్ 0306, డీఎస్ 0300

తాత్పర్యం: ఈ మూడూ కలిసి ఒక కథ. మొదటిది బ్యాటరీ తగ్గుతోంది, మార్చమని అడుగుతుంది. రెండోది ఆ బ్యాటరీ ఇక దేన్నీ గుర్తుపెట్టుకోలేదంటుంది. మూడోది తానెక్కడుందో మరిచిపోయానని, రిఫరెన్స్ మళ్లీ పెట్టమని మెషిన్ మొరపెట్టుకోవడం. మొదటి దానికీ మూడో దానికీ మధ్య చాలా రోజుల వ్యవధి ఉంటుంది. ఆ రోజులన్నీ 'వచ్చే సోమవారం'లోనే గడిచిపోతాయి. రిఫరెన్స్ అడ్డదిడ్డంగా పెడితే టరెట్ వెళ్లి చక్‌ను కౌగిలించుకుంటుంది కాబట్టి, 1815 పారామీటర్‌లో చెయ్యి పెట్టే పని తెలిసినవాడికే వదలాలి.

విడి బ్యాటరీ పెట్టె ఉన్న మెషిన్లలో పట్టేవి డి సైజు సెల్స్ నాలుగు, అంటే పొలం టార్చిలో వేసే లావు సెల్స్. కాకపోతే ఆల్కలైన్‌వే కావాలి, కిరాణా కొట్టు మామూలు సెల్స్ పనికిరావు. కొన్న తర్వాత మెయిన్ కట్టేసి, పెట్టె విప్పి, జాగ్రత్తగా మార్చి, తీరా 0300 తెచ్చుకునే బుద్ధిమంతులు ప్రతి పేటలోనూ ఉన్నారు. ఓనరుగారూ, ఆ సెల్స్ మార్చేటప్పుడు ఎమర్జెన్సీ నొక్కి ఉంచండి, మెషిన్‌కు కరెంటు మాత్రం ఆపకండి.