ముద్దు మనది, మురికి వాళ్లది: ఇంట్లో బాతుల పెంపకానికి సులువైన మార్గాలు

కుక్కలయ్యాయి, పిల్లులయ్యాయి, గాజు తొట్టిలో చేపలయ్యాయి. చేపలు పోయాక అదే తొట్టిలో మనీప్లాంటు కూడా అయింది. ఇప్పుడు మన ఇళ్లలో బాతు వంతు వచ్చింది. ఫోన్లో ఒక పసుప్పచ్చటి పిల్ల పాలరాతి గచ్చు మీద జారుకుంటూ ఎవరి చంటిపాప వెనకో నడుస్తుంది. చూసిన ఇల్లంతా "అబ్బ" అంటుంది. ఆ "అబ్బ"కీ ఆదివారం సంతకీ మధ్య దూరం చాలా తక్కువ. ఆ దూరం దాటబోతున్నవాళ్ల కోసం, ఇప్పటికే దాటి బాల్కనీ తలుపు బిగించుకుని కూర్చున్నవాళ్ల కోసం ఈ సూచనలు. ఇవి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. ప్రేమగా తెచ్చి వేరేవాళ్ల చేత పెంచే జాతిలో నేనూ ఒకణ్ణి.

1. ముందు కొనండి, తర్వాత ఆలోచించండి

హైదరాబాదు వాళ్లకు చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్ ఉంది. మిగతా ఊళ్లవాళ్లకు వారం సంత ఉండనే ఉంది. వెళ్లి ఒక్కటంటే ఒక్క పిల్లనే కొనండి. బాతు గుంపులో బతికే పక్షి. ఒంటరిగా ఉంచితే బెంగపడుతుంది, తోడు కోసం రోజంతా అరుస్తుంది. ఆ సంగతి తెలిసి రెండు కొన్నారనుకోండి, అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ తిరుగుతాయే గాని మీ వెంట పడవు. మరి వీడియో ఎలా తీస్తారు? బాగా చూసుకుంటే పదేళ్లు బతికే అవకాశం ఉందని అమ్మేవాడు చెప్పడు, మీరూ అడక్కండి. కారు లోను తీరిపోయాక కూడా బాతు మిగిలి ఉంటుందని తెలిస్తే ఎవరు కొంటారు?

2. మంచి పేరు పెట్టండి

డొనాల్డ్ అని పెట్టండి, అందరూ అదే పెడుతున్నారు. కొన్ని నెలలకు డొనాల్డ్ గుడ్డు పెడితే కంగారు పడకండి. మగదో ఆడదో తేల్చుకోవాలంటే తోక చూడాలి. ఎదిగిన మగ బాతుకు తోక మీద రెండు మూడు ఈకలు పైకి ఉంగరం తిరిగి ఉంటాయి. ఏదేమైనా ఆ పేరు మన ఇళ్లకు బాగా నప్పింది. 1934లో 'ది వైజ్ లిటిల్ హెన్' అనే కార్టూన్‌లో డొనాల్డ్ డక్ మొదటిసారి తెర మీదికొచ్చాడు. అందులో ఒక కోడి మొక్కజొన్న విత్తడానికి సాయం రమ్మంటే, కడుపునొప్పని చెప్పి తప్పించుకుంటాడు. బాతును తెచ్చిన పెద్దమనిషికి కూడా తొట్టి కడిగే వేళకి సరిగ్గా ఆఫీసు కాల్ వస్తుంది.

3. వెంట పడితే ప్రేమే అనుకోండి

గుడ్డు నుంచి బయటపడ్డ కొత్తలో తన కళ్ల ముందు ఏది కదిలితే దాన్నే తల్లి అనుకుని వెంట నడవడం బాతుపిల్ల స్వభావం. కాన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఈ సంగతి మీద చాలా ఏళ్లు పనిచేశాడు. 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. బాతుపిల్లలకు తల్లిగా ఉండటం కోసం ఆయన తోటలో గొంతుక్కూర్చుని, ఆపకుండా బాతులా అరుస్తూ నడిచేవాడు. నిలబడితేనో నోరు మూస్తేనో పిల్లలు బెంబేలెత్తిపోయేవి.

మీకంత శ్రమ అక్కర్లేదు. పిల్లను తెచ్చి బాబు చేతిలో పెట్టండి. ఓ పది రోజులు వాడి వెనక తిరుగుతుంది. తర్వాత వాడికి యూనిట్ టెస్టులొస్తాయి, లేదా ఫోన్లో కొత్త ఆట వస్తుంది. అప్పుడది వంటగదిలో నాన్నమ్మ కాళ్ల వెనక చేరుతుంది. "ఒరేయ్, తెచ్చింది మీరు, ఇది నన్ను పట్టుకుందేవిట్రా!" అని ఆవిడ విసుక్కుంటుంది. విసుక్కుంటూనే నూకలు నానబెడుతుంది. ఇంట్లో అమ్మ ఎవరో బాతుకు మనకంటే ముందు తెలుస్తుంది.

4. నీళ్లు: ఇది ముఖ్యం కనుక ఇంకెవరికైనా అప్పజెప్పండి

బాతు అంటే నీళ్లు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎన్ని నీళ్లు, ఎన్నిసార్లు, ఎవరు పోయాలి అన్నవి మాత్రం పెద్దవాళ్లకు కూడా తెలియవు.

మొదటి పాఠం: సంత నుంచి తెచ్చిన పిల్లను ఆ సాయంత్రమే బకెట్లో ఈదించి ఫొటో తీయాలని అందరికీ ఉంటుంది. తల్లి కింద పెరిగే పిల్లకు తల్లి ఈకల నూనె అంటుతుంది. తల్లి లేని పిల్లకు ఆ నూనె లేదు, సొంతంగా ఈకలింకా రాలేదు. నూగు తడిసి, ఒళ్లు చల్లబడి చచ్చిపోతుంది. మొదటి వారం దానికి కావలసింది 32 డిగ్రీల దాకా వెచ్చదనం, ఒక బల్బు, ఒక గంప. బకెట్టుతో పని తర్వాత.

రెండో పాఠం: ఎదిగిన బాతుకు నీళ్లు తాగడానికే కాదు, తల ముంచడానికి కూడా కావాలి. ముక్కు రంధ్రాలూ కళ్లూ అది అలాగే కడుక్కుంటుంది. నోట్లో మేత పెట్టుకుని నీళ్ల దగ్గరికి పరుగెత్తుతుంది, ఎందుకంటే పొడి మేత గొంతులో అడ్డం పడుతుంది. అందువల్ల ఉదయం మీరు పెట్టిన మంచినీళ్లు కాసేపట్లో తవుడు జావ అవుతాయి. ఈత తొట్టి సంగతి ఇంకా రసవత్తరం. ఈదేదీ అందులోనే, రెట్ట వేసేదీ అందులోనే, ఆ నీళ్లే మళ్లీ తాగేదీ అదే. బాతు రెట్ట కోడి రెట్టలా గడ్డకట్టదు, పలచగా పరుచుకుంటుంది. దానికి వేళాపాళా లేదు, నేర్పితే వచ్చేదీ కాదు.

కాబట్టి నీళ్లు రోజూ మార్చాలి, వేసవిలో ఇంకా ఎక్కువసార్లు. పారబోసిన నీళ్లు బాల్కనీ గొట్టంలోంచి కిందింటివాళ్ల ఆరేసిన చీర మీదికి దిగుతాయి. ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పేరు రాయకుండా మీ గురించి ఒక సందేశం వస్తుంది. ఏప్రిల్ వచ్చి ట్యాంకర్ కోసం అందరూ ఎదురుచూసే రోజుల్లో ఆ సందేశానికి పేరు కూడా వస్తుంది. "అమ్మా, బాతు పని వేరే" అంటుంది పనావిడ, అనడం న్యాయమే. తొట్టి మళ్లీ ఇంటావిడ దగ్గరికో, ఆవిడ అత్తగారి దగ్గరికో చేరుతుంది.

ఇదంతా ఫొటోలో పడదు. ఫొటోలో నీలం తొట్టి, తేటనీళ్లు, తెల్లటి బాతు, పక్కన నవ్వుతూ పిల్లలు. ఒక సంగతి గమనించండి. నీళ్లు అంత తేటగా ఉన్నాయంటే, ఫ్రేము బయట ఎవరో ఇప్పుడే చేతులు తుడుచుకుంటున్నారని అర్థం. మనం పెట్టే లైకు ఆ చేతులకు చేరదు. బాతుల సంగతే కాదు, మనిళ్లలో ప్రేమగా పెంచుతున్నామని చెప్పుకునేవాటిలో చాలావాటికి ఇదే ఏర్పాటు.

5. తిండి

బ్రెడ్ వేయండి, చవక. అందులో దానికి కావలసిన పోషకాలు లేవన్నది దాని సమస్య. కోడిపిల్లల దాణా వేస్తే చాలనుకోండి. కోడిపిల్లకంటే బాతుపిల్లకు నియాసిన్ అనే విటమిన్ ఎక్కువ కావాలి, అది చాలకపోతే కాళ్లు వంకరపోతాయి. వంకరకాళ్లతో నడిస్తే ఆ వీడియోకి ఇంకా ఎక్కువ మంది "అబ్బ" అంటారు.

6. అరుపు

గట్టిగా "బ్యాక్ బ్యాక్" అనేది ఆడ బాతు. మగదానిది బొంగురు గొంతు, పెద్దగా వినపడదు. మీకు దొరికేది ఆడదే.

7. అడవి బాతు

కొల్లేరులోనో పులికాట్‌లోనో పట్టిన బాతు చవగ్గా ఇస్తామని ఎవరైనా అంటే ఒద్దనండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకు ఒప్పుకోదు. ఈ సూచనలో వ్యంగ్యం లేదు.

8. గుడ్లు

గుడ్ల కోసమే పెంచుతున్నామని చెప్పండి, గౌరవంగా ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదలవుతున్న రోజుల్లో ఇంగ్లాండులో క్యాంప్‌బెల్ అనే ఆవిడ రూపొందించిన కాకీ క్యాంప్‌బెల్ జాతి బాతు ఏడాదికి 250కి పైగా గుడ్లు పెట్టగలదు. పెట్టడం వరకే దాని పని. పొదగడం మీద దానికి శ్రద్ధ బహు తక్కువ. అందుకే పల్లెల్లో బాతు గుడ్లను కోడి కింద పెడతారు. కోడిగుడ్డు పిల్లవడానికి 21 రోజులు, బాతు గుడ్డుకు 28. ఆ అదనపు వారం కోడి మేతకు కాసేపు లేచి, మళ్లీ వచ్చి ఎందుకని అడక్కుండా కూర్చుంటుంది. తీరా పిల్లలయ్యాక అవి కాలవలోకి దిగిపోతాయి, కోడి గట్టు మీద అటూ ఇటూ పరుగెడుతూ గగ్గోలు పెడుతుంది. బాతు పక్కన మడిలో నత్తలు ఏరుకుంటూ ఉంటుంది. ఈ ఏర్పాటు చూసి నవ్వే హక్కు మన ఇళ్లలో ఎవరికీ లేదు.

9. చివరికి ఊరికి పంపండి

ఇదే అసలు సూచన. ముందున్నవన్నీ ఇక్కడికి చేరడానికి మెట్లు. పిల్ల మూడు వారాలు ముద్దుగా ఉంటుంది, రెండు నెలలకు పూర్తిగా ఈకలొచ్చి పెద్దదవుతుంది, మూడో నెలలో మనకు పల్లె మీద మమకారం పుడుతుంది. "పాపం, దానికి చెరువు కావాలి" అంటాం. ఈ జ్ఞానం కొనేరోజు రాదు.

ఊళ్లో పెదనాన్నకు ఫోన్ చేయండి. "సరే, తీసుకురారా, ఉన్నవాటితోపాటు అదీ ఉంటది" అంటాడాయన. ఆయన కాదనలేడని మనకు తెలుసు, తెలిసే చేశాం. పిల్లలకు మాత్రం "అక్కడ హాయిగా ఈదుకుంటోంది" అని చెబుతాం. మళ్లీ ఎప్పుడూ ఫోన్ చేసి అడగం. కుక్క పట్టిందో, ముంగిస పట్టిందో, పండక్కి కూరయిందో ఆయనా చెప్పడు. పెదనాన్న లేనివాళ్లు ఊరి చివర చెరువులో వదిలి దానికి స్వేచ్ఛ అని పేరు పెడతారు. పెంపుడు బాతుల్లో చాలావాటికి ఎగరడం రాదు. తెల్లటి బాతు దాక్కోలేదు కూడా.

బాతులతో నిజంగా బతికేవాళ్లను చూడాలంటే వరికోతలయ్యాక గోదావరి, కృష్ణా డెల్టాల్లోకో నెల్లూరు వైపో వెళ్లాలి. కోసిన మళ్లలో రాలిన గింజలూ నత్తలూ పురుగులూ తింటూ వందల బాతులు కదులుతుంటాయి, వెనక ఒక మనిషి, చేతిలో ఒక కర్ర. రాత్రికి చుట్టూ వల కట్టి దొడ్డి చేస్తాడు, పక్కనే తనూ పడుకుంటాడు. బాతులు ఎక్కువగా తెల్లవారేలోపే గుడ్లు పెడతాయి కనుక అవన్నీ ఏరాకే మందను వదులుతాడు. ఏ బాతు నడక తేడాగా ఉందో దూరం నుంచే కనిపెడతాడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినట్టు మళ్లీ ఎక్కడైనా వస్తే, అతని బతుకే ఆగుతుంది. అతను బాతును ముద్దు చేస్తాడో లేదో తెలియదు. పక్కన పడుకుంటాడు, అది చాలు.

ఇన్ని చెప్పినా కొంటారని తెలుసు, కాబట్టి వ్యంగ్యం పక్కన పెట్టి నాలుగు ముక్కలు. కొంటే రెండు కొనండి. పెరడో డాబానో ఉంటేనే కొనండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమని పిల్లలకు చెప్పండి. డబ్బులిచ్చే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఆరు నెలల తర్వాత రోజూ తొట్టి కడిగేది ఎవరో ఒక కాగితం మీద రాయండి. అక్కడ మీ పేరు లేకపోతే, ఉన్నవాళ్లను అడక్కుండా రాసి ఉంటే, ఆ బాతును కొనకండి.