తాను కూర్చిన తూటా: సటీకా తాత్పర్యం

మూలం: తాను కూర్చిన తూటా తనకు ముద్దు.

ప్రతిపదార్థం: తాను = అమెరికాలో బెంచ్‌రెస్ట్ పోటీలకు వెళ్లే షూటరు; వేటగాడు కాడు, సిపాయి కాడు, కాగితం మీది చుక్క తప్ప వేరే శత్రువు లేనివాడు. కూర్చిన = ఒకసారి పేలిన ఇత్తడి తొడుగుకు కొత్త ప్రైమరు, మందు, గుండు సమకూర్చి మళ్లీ తూటాను చేసిన. ఈ క్రియకు పాత తెలుగులో ప్రేమించడమనే అర్థం కూడా ఉంది, కూరిమి దాని చుట్టమే; కాబట్టి ఇక్కడ శ్లేష. మందు అనగానే మనకు తోచే రెండు అర్థాల్లో ఏదీ ఇక్కడ కుదరదు; రెండోది ఈ పని జరిగే గది గడప కూడా తొక్కకూడదు. తనకు = తనకే. ఈ విభక్తిని కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. ముద్దు = కాకిపిల్ల సామెతలోని ముద్దు.

తాత్పర్యం: పేల్చడంలో షూటరు చేసేది బహు స్వల్పం, కర్త అనిపించుకోవడానికి అతనికి మిగిలిన చోటు తూటాలు కూర్చే బల్ల. బెంచ్‌రెస్ట్‌లో తుపాకిని చేతులు మోయవు. ముందు భాగం ఒక దిమ్మె మీద, వెనక భాగం ఇసక సంచి మీద ఆని ఉంటుంది. మనిషి గాలిని గమనిస్తాడు, ట్రిగ్గరును వేలితో తాకుతాడు. గుండు గొట్టంలో ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు. అంతే, ఆట అయిపోయింది. అదే బల్ల దగ్గరైతే సాయంత్రాలు గడిచిపోతాయి. పేలిన క్షణంలో ఇత్తడి ఉబ్బి, ఆ తుపాకిలో తూటా కూర్చునే గదికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, ఆ కొలతను చాలావరకు నిలుపుకుంటుంది. అంటే ఖాళీ తొడుగు చెత్త కాదు, ఆ తుపాకి ఒక్కదానికే కుట్టిన చొక్కా. ఏ తుపాకిలోనైనా పట్టేలా తూటా చెయ్యాల్సిన కార్ఖానాకు ఈ వెసులుబాటు లేదు. పైగా మందును తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిను పౌండులో 7000వ వంతు, అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, గురిగింజలో సగం. వీళ్లు అందులోనూ పదో వంతు దగ్గర తగువు పెట్టుకుంటారు. గురికీ గురిగింజకూ ఇలా చుట్టరికం కుదరడం టీకాకారుడి అదృష్టం. ఈ వ్యసనం నిన్నటిది కూడా కాదు. అమెరికాకు వలస వచ్చిన జర్మన్ల షుట్జెన్ (షూటింగ్) క్లబ్బుల్లో, తుపాకి గొట్టాల పనివాడు హ్యారీ పోప్ (1861–1950) కాలం నాటి షూటర్లు ఒక్క తొడుగునే పదేపదే నింపి పోటీ నడిపేవారు. 1975లో వచ్చిన తూటా 6 ఎంఎం పీపీసీ; ఆ సమాసానికి విగ్రహవాక్యం 'పాల్మిసానో, పిండెల్‌ల కార్ట్రిడ్జ్'. రష్యన్ తొడుగును తమకు కావలసినట్టు మలుచుకున్న ఇద్దరి పేర్లు అందులో ఉన్నాయి. దానితో పోటీకి వచ్చేవాళ్లు ఒక వంతుకూ మరో వంతుకూ నడుమ, మైదానంలోనే, అవే కొన్ని తొడుగులను నింపుకుంటారు.

శంక: ఇదంతా డబ్బు మిగుల్చుకోవడానికి కాదా? కాదు. ప్రెస్సు, డైలు, త్రాసు కొన్న ఖర్చు అటుంచినా, తూటా చవకైనకొద్దీ మనిషి ఎక్కువ కాలుస్తాడు. పొదుపు కాస్తా పొగైపోతుంది. పొదుపన్నది ఇంట్లో చెప్పుకునే కారణం. ఇంతకంటే గట్టి శంక మరొకటి ఉంది. ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో వాడే .22 తూటాలో పేలే రసాయనం తొడుగు అంచులోనే ఉంటుంది, సూది దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది, మళ్లీ నింపడానికి వీలుండదు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో; అందులో మందే లేదు. కూర్చకుండానే గురి కుదురుతుంటే ఈ కూర్పుకు ప్రయోజనం ఏమిటి? ఇక్కడ 'తనకు' అన్న విభక్తి అక్కరకొస్తుంది. మూలం 'తనకు ముద్దు' అంది గాని 'పతకానికి ముద్దు' అనలేదు. అయినా .22 వాళ్లు కూడా ఒక్కో లాటు తూటాలను తమ తుపాకిలో కాల్చి చూసి, నప్పిన లాటునే కొంటారు. వండుకునే వీలు లేనివాడు రుచి చూసి ఎంచుకుంటున్నాడు, ఆకలి ఒకటే.

మూడో శంకకు మాత్రం టీకాకారుడు సగం లొంగక తప్పదు. ఒకే రకం తూటాలతో అయిదేసి గుండ్లు కాల్చినా ఒక గుంపు చిన్నగా, మరో గుంపు దానికి రెట్టింపుగా పడవచ్చు. కనుక మందు పదో వంతు గ్రెయిను మార్చగానే గుంపు బిగిసిందని మురిసేవాడు చాలాసార్లు యాదృచ్ఛికాన్ని చూసి మురుస్తున్నాడు. ఒప్పుకుందాం. కానీ మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమవైపు రవ్వముద్ద అద్ది, కాస్త గిల్లి, మళ్లీ అద్ది, వాయించి చూస్తాడు. ఆఖరి చిటికెడు సభకు వినిపించిందో లేదో చెప్పలేం, అతనికి మాత్రం వినిపిస్తుంది. ఆ ముద్దను రెడీమేడ్‌గా అంటించి ఇస్తామంటే పుచ్చుకుంటాడా? (మన దేశంలో ఈ పోలికను మృదంగం దగ్గరే ఆపడం క్షేమం, 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచెయ్యడం నేరం.)

విశేషం: కొన్న తూటా గురి తప్పితే కార్ఖానాను తిట్టుకోవచ్చు. కూర్చినవాడికి ఆ సదుపాయం లేదు: తొడుగు తనది, తూకం తనది, గుండును ఎంత లోతున దించాలో నిర్ణయించింది తనే. నింద మోపడానికి ఇక మిగిలింది గాలి ఒక్కటే. అందుకే బెంచ్‌రెస్ట్ మైదానంలో బల్లలకూ కాగితాలకూ నడుమ అన్నన్ని గాలి జెండాలు.