తాబేలు మీద కాపురం

డిస్క్‌వరల్డ్ అభిమానిని "మీకు వాటిలో ఏది బాగా ఇష్టమండీ?" అని అడగకూడదు. నోరు జారి అడిగితే ఆ పూటకి పెట్టుకున్న పనులన్నీ మానుకోవాలి. అతను వెంటనే జవాబు చెప్పడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. "మొదటిసారి చదివినప్పుడు ఇష్టమైందా, ఇప్పుడు ఇష్టమైందా? నవ్వొచ్చిందా, ఏడుపొచ్చిందా? పిల్లల కోసం రాసినవి కూడా కలుపుకోవచ్చా?" అని నిబంధనలన్నీ తేల్చుకున్నాక ఒక పేరు చెబుతాడు. హమ్మయ్య అనుకుని మనం లేవబోతుంటే "కానీ..." అంటాడు. ఆ కానీ వెనకాల మిగతా 40 పుస్తకాలూ వరసగా వస్తాయి.

మొత్తం 41 నవలలు. టెర్రీ ప్రాచెట్ అనే ఇంగ్లీషాయన 1983లో మొదలుపెట్టి పోయేదాకా రాస్తూనే ఉన్నాడు. 2015 మార్చిలో ఆయన పోతే, ఆఖరిది ఆ తర్వాత అచ్చయింది. కథలన్నీ పళ్ళెంలా బల్లపరుపుగా ఉండే ఒక లోకంలో జరుగుతాయి. పళ్ళేన్ని నాలుగు ఏనుగులు మోస్తుంటాయి, ఏనుగుల్ని ఒక తాబేలు మోస్తుంటుంది, తాబేలు మాత్రం ఏ ఆధారమూ లేకుండా ఆకాశంలో ఈదుకుంటూ పోతుంటుంది. ఆ లోకంలో దొంగలకి సంఘం ఉంది. దోచుకున్నాక రసీదు కూడా ఇస్తారు.

మా అక్క మొగుడు ఈ తాబేలు మీద కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. ఉండడం ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటాడు, ఉద్యోగం కంప్యూటర్లది, జీతం బాగానే వస్తుంది. ఇవన్నీ పైపై సంగతులు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉండగా సీనియర్ ఎవరో ఖాళీ చేస్తూ వదిలేసి పోయిన ఒక చిరుగుల పుస్తకం చేతికి దొరికిందట. అట్ట మీద నాలుగు కళ్ళ మనిషి బొమ్మ. కళ్ళజోడు వాడనే అర్థంలో రచయిత నాలుగు కళ్ళని రాస్తే, బొమ్మ వేసిన జాష్ కర్బీ నిజంగానే నాలుగు కళ్ళు పెట్టేశాడు. ఈ ముచ్చట మా పెళ్ళిళ్ళలో బావ కనీసం ఒక బంతికి సరిపడా జనానికి చెప్పి ఉంటాడు. విన్నవాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వే అవకాశం వాళ్ళకి రాలేదు, సగంలోనే ఆయన నవ్వేస్తాడు కాబట్టి.

డిస్క్‌వరల్డ్ అభిమాని మొదటి లక్షణం ఇదే. జోకు చెప్పడం మొదలుపెడతాడు, దాని వెనక జోకు గుర్తొస్తుంది, దానికి రచయిత పేజీ అడుగున రాసిన ఫుట్‌నోట్ గుర్తొస్తుంది, ఇక పొట్ట పట్టుకుంటాడు. ప్రాచెట్‌కి ఫుట్‌నోట్ల పిచ్చి. భక్తులకి అది మాటల్లోకి పాకింది. మా బావ "కాస్త పప్పు వెయ్యి" అన్నాక కూడా వేలెత్తి, "దానికి చిన్న వివరణ" అంటాడు. మాయాబజార్ డైలాగులు లేకుండా అన్నం తినలేని ఇంట్లో పుట్టినవాణ్ణి కనక నాకీ జబ్బు కొత్తగా అనిపించలేదు. మనవాళ్ళు డైలాగు మాత్రం పూర్తిగా చెబుతారు, అంతే తేడా.

అత్తయ్యగారు, అంటే బావ తల్లి, కాకినాడ నుంచి వచ్చినప్పుడు కొడుకు భక్తిభావంతో ఆవిడకి ఈ లోకస్వరూపం వివరించాడు. ఆవిడ శ్రద్ధగా విని, "నాలుగేమిట్రా? ఎనిమిది కదా!" అంది. అని, ఐరావతం, పుండరీకం, వామనం, కుముదం, అంజనం, పుష్పదంతం, సార్వభౌమం, సుప్రతీకం అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. బావ తన నాలుగింటినీ ఏకరువు పెట్టాడు: బెరీలియా, ట్యూబుల్, గ్రేట్ టీఫాన్, జెరకీన్. ఆవిడ జాలిగా చూసింది. "అయిదోది కూడా ఉండేదమ్మా! జారి లోకం మీద పడిపోయిందని చెప్పుకుంటారు. దాని కొవ్వు గడ్డకట్టి భూమిలో ఉండిపోతే గనుల్లోంచి తవ్వుకుంటారు. దాని మీద ఒక నవలే ఉంది" అన్నాడు.

"అయ్యో పాపం, మూగజీవం. మరి మిగతా మూడూ?"

బావ దగ్గర జవాబు లేదు. మూడు దశాబ్దాల పాండిత్యం ఆ వంటింటి గడప దగ్గర ఆగిపోయింది.

యముడి విషయంలో మాత్రం తల్లీకొడుకులు రాజీపడ్డారు. ప్రాచెట్ యముడు అస్థిపంజరం. అన్నీ పెద్దక్షరాల్లో మాట్లాడతాడు. దున్నపోతు బదులు తెల్లగుర్రం, దాని పేరు బింకీ. ఆయనకి పిల్లులంటే ప్రాణం, మసాలా కూరలంటే ఇంకా ప్రాణం. రెండు పుస్తకాలు మినహా అన్నిట్లోనూ కనిపిస్తాడు. "యమగోల చూసి పగలబడి నవ్విన మనిషివి, నీకిది కొత్తా?" అని బావ అడిగితే అత్తయ్యగారు కాదనలేకపోయింది. కనీసం 1977 నుంచీ యముణ్ణి తెరమీద ముప్పుతిప్పలు పెడుతున్న జాతి మనది. కూర తినే యముడు ఆవిడకి వెంటనే ఆప్తుడైపోయాడు.

పోయిన వేసవిలో నేను వెళ్ళినప్పుడు బావ స్టోన్‌హెంజ్ చూపిస్తానన్నాడు. అక్క పులిహోర కలిపింది. ఏ303 రోడ్డు మీద పోతుంటే కుడివైపు ఆ రాళ్ళు కనబడ్డాయి కూడా. కారు ఆగలేదు. "వచ్చేటప్పుడు చూద్దాం, తీరిగ్గా" అన్నాడు బావ. అక్క నా వైపు తిరిగి, "ఇది నా నాలుగో స్టోన్‌హెంజ్" అంది. రాళ్ళని దాటుకుని అదే రోడ్డు మీద ఇంకా పడమటికి పోతే సోమర్సెట్‌లో విన్‌కాంటన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరు 2002లో ఆంఖ్-మోర్‌పోర్క్ నగరంతో సోదరబంధం కలుపుకుంది. ఆంఖ్-మోర్‌పోర్క్ ఎక్కడుందంటే తాబేలు మీద ఉంది. లేని ఊరికి దారి అడిగేవాళ్ళని చూశాం గానీ, లేని ఊరితో వియ్యమందినవాళ్ళు వీళ్ళే. పైగా అక్కడి కొత్త ఇళ్ళ మధ్య రెండు వీధులకి ఆ నవలల్లోని వీధుల పేర్లే పెట్టారు: పీచ్ పై స్ట్రీట్, ట్రీకిల్ మైన్ రోడ్. బావ ఆ బోర్డుల దగ్గర, తిరుపతిలో గుండు చేయించుకున్నంత ప్రసన్నంగా ఫొటో దిగాడు. బోర్డు వెనకింటాయన ఇలాంటి ప్రసన్నవదనాలు చాలానే చూసి ఉంటాడు. చెత్తడబ్బా లోపల పెట్టి తలుపేసుకున్నాడు.

ఊళ్ళో ఒక పబ్బులో బావ మిత్రులు కలిశారు. అక్కడే ఆ ప్రశ్న వేశాను. ఒక్కొక్కరు ఏది ఇష్టమో చెప్పండి అన్నాను. బల్ల చుట్టూ కుర్చీలు దగ్గరకి జరిగాయి.

తెల్లజుట్టు టీచరమ్మ ఒకావిడ, రిటైరయింది, గ్రానీ వెదర్‌వాక్స్ అనే మంత్రగత్తె కథలు తప్ప మిగతావన్నీ మగవాళ్ళ సరదా అని తేల్చేసింది. గ్రానీ మంత్రం వేయగలిగి కూడా వేయదు, ఒక్క చూపు చూస్తుంది, చాలు. టీచరమ్మ అది చెబుతూ ఆ చూపు చూసింది. నేను తెలియకుండానే చేతులు కట్టుకున్నాను. తపాలాశాఖలో పనిచేసి దిగిపోయినాయన 'గోయింగ్ పోస్టల్' అన్నాడు. ఉరికంబం ఎక్కాల్సిన మోసగాణ్ణి పట్టుకుని, పాడుబడ్డ పోస్టాఫీసు బాగుచేయమని అప్పగిస్తే వాడేం చేశాడన్నది కథ. "మాకు మోసగాళ్ళకి కొదవలేదు, బాగుచేసేవాడే రాలేదు" అన్నాడాయన. రాత్రి డ్యూటీల నర్సమ్మకి యముడి పుస్తకాలే కావాలి. వాళ్ళ వార్డుకి వేళ తప్పకుండా వచ్చేవాడు ఆయనొక్కడేనట. మూల కూర్చున్న కుర్రాడు 'స్మాల్ గాడ్స్' అన్నాడు. నమ్మేవాడు ఒక్కడే మిగిలితే మహాదేవుడు కూడా తాబేలుగా పాకాల్సి వస్తుందని ఆ కథ. వాడు ఆ పేరు చెప్పిన తీరులో, మీరందరూ నవ్వుకోవడానికి చదువుతారు, నేను ఆలోచించడానికి చదువుతాను అన్న భావం ఉంది. ప్రతి గుంపులోనూ ఒక 'స్మాల్ గాడ్స్' మనిషి ఉంటాడని, గడ్డం మాత్రం మారుతుంటుందని తర్వాత అక్క చెప్పింది.

ఒకళ్ళు చెబుతుంటే మిగతావాళ్ళు వింటున్నారని అనుకునేరు. విన్నది తప్పు పట్టుకోవడానికే. ఫలానా సంగతి ఆ పుస్తకంలోది కాదు, దాని ముందుదానిలోది అని అనగలిగినవాడి మొహంలో వెలుగు చూడాలి! బావ వంతు వచ్చింది. గొంతు సవరించుకుని "నైట్ వాచ్" అన్నాడు.

"అందరూ అదే అంటారు" అంది టీచరమ్మ.

అభిమానుల్లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. బావ మొహం వాడిపోయింది. నిజానికి తనకి లోపల్లోపల ఇంకొకటి ఇష్టమని, కానీ అది చెబితే కొత్తవాళ్ళకి అర్థం కాదని ఏదో గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

నేను మాట మార్చుదామని, "ఇంతకీ నేను దేనితో మొదలుపెట్టాలి?" అన్నాను. అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. 'మోర్ట్' అన్నారొకరు. 'గార్డ్స్! గార్డ్స్!' అన్నారు ఇద్దరు, వేర్వేరు కారణాలతో. పోస్టాఫీసాయన గ్లాసు కింది అట్టముక్క తీసుకుని మంత్రగత్తెలకో బాణం, పోలీసులకో బాణం, యముడికో బాణం గీసి ఏది ఎటు పోవాలో మ్యాపు వేశాడు. నర్సమ్మ అందులో ఒక బాణం కొట్టేసింది. ఒక్క విషయంలోనే అందరూ ఏకమయ్యారు: చచ్చినా మొదటి పుస్తకంతో మొదలుపెట్టకూడదు. మరి మీరందరూ దేనితో మొదలుపెట్టారని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అక్క ఈ 41లో ఒక్కటీ చదవలేదు గానీ పరీక్ష పెడితే ఫస్టుక్లాసులో పాసవుతుంది. తిరుగుదారిలో, చీకట్లో కనబడని స్టోన్‌హెంజ్ పక్కనుంచి పోతూ, తన సిద్ధాంతం చెప్పింది. ఏ పాత్ర ఇష్టమో చెబితే వయసు చెప్పేయవచ్చట. హాస్టల్ రోజుల్లో మీ బావకి రిన్స్‌విండ్ ఇష్టం, అంటే ఏ ఆపద వచ్చినా మొదట పరిగెత్తే మంత్రగాడు. ఇంటి అప్పు మొదలయ్యాక పోలీసు సామ్ వైమ్స్ ఇష్టం, అంటే లోకమంతా తన నెత్తినే ఉందనుకుని రుసరుసలాడే మనిషి. ఈమధ్య గ్రానీ వైపు వాలుతున్నాడు, ఎవరికీ సమాధానం చెప్పకుండా ఉత్తచూపులు చూస్తున్నాడు. బావ స్టీరింగ్ మీంచి ఒక ఉత్తచూపు చూశాడు.

ఈ వైమ్స్‌దే ఒక బూట్ల సిద్ధాంతం ఉంది, 1993లో వచ్చిన 'మెన్ ఎట్ ఆర్మ్స్'లో. డబ్బున్నవాడు 50 డాలర్లు పెట్టి ఒక్కసారి మంచి బూట్లు కొంటే పదేళ్ళు వస్తాయి. లేనివాడు 10 డాలర్ల బూట్లు మళ్ళీ మళ్ళీ కొని ఆ పదేళ్ళలో 100 డాలర్లు తగలేస్తాడు, కాళ్ళు మాత్రం తడుస్తూనే ఉంటాయి. బీదవాడికే బతుకు ఖరీదని ఇంత సులువుగా చెప్పినవాడు లేడు. 2022లో బ్రిటన్లో చవక సరుకుల ధరలు ఎంత పెరుగుతున్నాయో లెక్కగట్టే ఒక సూచీకి వైమ్స్ బూట్ల పేరే పెట్టారు. బావ ఈ సిద్ధాంతాన్ని మరో పనికి వాడాడు. చిరుగుల పుస్తకాలు మళ్ళీ మళ్ళీ కొనడం దండగని, గట్టి అట్టల ప్రతులు మొత్తం ఒకేసారి కొంటే ఆదా అని అక్కకి కాగితం మీద లెక్కవేసి చూపించాడు. కొన్నాడు. చిరుగులవి కూడా పారేయలేదు. ఆయన బూట్లు మాత్రం నవంబరు వానకి నీళ్ళు తాగుతుంటాయి.

మే 25న ఇంట్లో ఇంకో పండగ. పోలీసు వైమ్స్ నవల 'నైట్ వాచ్'లోని తిరుగుబాటు రోజది. ఆనాడు ప్రాణాలతో మిగిలినవాళ్ళు లైలాక్ పూలు పెట్టుకుంటారు, కనక భక్తులూ పెట్టుకుంటారు. పక్కింటి గోడ మీంచి వాలిన కొమ్మ నుంచి తెల్లారకముందే బావ పువ్వు కోసుకొస్తాడు. మొదటి ఏడాది అక్క మురిసిపోయి, "దేవుడికా, నాకా?" అని అడిగిందట.

"పోలీసులకి" అన్నాడట.

ఆఖరి నవల 'ద షెపర్డ్స్ క్రౌన్' సంగతి వేరు. విడుదలైన రోజే కొన్నాడు. ఇంతవరకూ విప్పలేదు. ఆ పబ్బులో ఇద్దరు కూడా అదే చెప్పారు. చదివేస్తే ఇక చదవాల్సింది మిగలదని దాచుకుంటారు. ప్రాచెట్ అలాంటి దాపరికం పెట్టుకోలేదు. సగంలో ఉన్న రాతలన్నీ ఉన్న హార్డ్ డ్రైవుని, ఆయన కోరిక ప్రకారమే, 2017లో డోర్సెట్‌లో పాతకాలపు రోడ్డురోలరు కింద వేసి తొక్కించారు. బావ ఆ వార్తని గొప్ప త్యాగంగా చెబుతాడు. పనిచేయని ఫోన్లు ఏడు ఆయన సొరుగులో ఉన్నాయి.

పుస్తకం ఆయన విప్పలేదు గానీ మా మేనకోడలు విప్పింది. పదమూడో ఏట, వేసవి సెలవుల్లో, దుప్పటి కింద టార్చి వేసుకుని చదివేసి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఇప్పుడు దానికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. నేను బయల్దేరే ముందు శనివారం కారు ఇమ్మంది. బావ ససేమిరా అన్నాడు. ఇన్సూరెన్సు అన్నాడు, వాన అన్నాడు, వయసు అన్నాడు. అది ఏమీ వాదించలేదు. సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని, "నాన్నా, రెండో చాప్టర్లో గ్రానీ ఉంది చూడు..." అని మొదలుపెట్టింది.

బావ రెండు చెవులూ మూసుకుని, తాళాలు ఎక్కడున్నాయో గడ్డంతో చూపించాడు.