పది అడుగుల ఎత్తు నుంచి

నేను బాస్కెట్‌బాల్ రింగుని. నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో, అంటే సరిగ్గా పది అడుగుల మీద ఉంటాను. నా లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు. నాలోంచి దిగే బంతి వ్యాసం 24కి అటూ ఇటూ. రెండు బంతులు పక్కపక్కన పట్టడానికి కాస్తే తక్కువ. కింద నిలబడి చూసేవాళ్ళకి మాత్రం ఒక్క బంతికే ఇరుకనిపిస్తాను.

హైటెక్ సిటీలో ఓ ఐటీ క్యాంపస్ వెనక, జనరేటర్ గదికీ పార్కింగ్ గోడకీ మధ్య నన్ను బిగించారు. ఎదురుగా రెండో రింగు ఉండాలి. దానికి చోటు చాల్లేదు. మిగతా సగం కోర్టులో కార్లు నిలబెడతారు. చాలా ఏళ్ళు అది నాకు తీరని కొరతగానే ఉండేది.

నేను వచ్చింది 2003లో. సైబర్ టవర్స్ తెరిచి అప్పటికి అయిదేళ్ళు. మాదాపూర్ దాటితే ఇంకా రాళ్ళగుట్టలే. ఆ అక్టోబరు 24 రాత్రి గచ్చిబౌలి వైపు ఆకాశమంతా వెలుగు. బాలయోగి స్టేడియంలో మొట్టమొదటి ఆఫ్రో-ఆసియా క్రీడలు మొదలయ్యాయి. రెండు ఖండాల ఆటగాళ్ళు మన ఊరికొచ్చారు. నవంబరు 1 దాకా ఈ క్యాంపస్‌లో టీ కప్పుల దగ్గర అవే కబుర్లు. హాకీ ఫైనల్లో పాకిస్తాన్‌ని 3-1తో కొట్టామని ఒకరు, మన హైదరాబాదీ పిల్ల సానియా, నిండా పదిహేడేళ్ళు లేవు, నాలుగు స్వర్ణాలు తెచ్చిందని ఇంకొకరు. పతకాల పట్టికలో చైనా తర్వాత మనమే.

అథ్లెటిక్స్, బాక్సింగ్, ఫుట్‌బాల్, హాకీ, షూటింగ్, స్విమ్మింగ్, టెన్నిస్, వెయిట్‌లిఫ్టింగ్. ఆ ఎనిమిదే. నా ఆట లేదు. తర్వాతి క్రీడలు 2007లో అల్జీర్స్‌లో అన్నారు, అవి జరగనే లేదు. ఇంటి పక్కకొచ్చిన పండగ నన్ను పిలవకుండానే వెళ్ళిపోయింది.

ఆసియా క్రీడల్లో మాత్రం నా ఆట మొదటి రోజుల నుంచీ ఉంది. 1951లో ఢిల్లీలో ఫిలిప్పీన్స్‌కి స్వర్ణం, జపాన్‌కి రజతం, ఇరాన్‌కి కాంస్యం, మనకి నాలుగో స్థానం దక్కాయి. ఇదంతా నా కింద కూర్చుని చెమట ఆరబెట్టుకునేవాళ్ళ మాటల్లో విన్నాను. నాకు తెలిసిన లోకమంతా అలా తెలిసిందే.

వాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక వస్తారు. మెడలో ఐడీ కార్డు తీసి బ్యాగులో పెడతారు, షూ లేసులు బిగిస్తారు. మొదటి నాలుగు బంతులు నన్ను తాకను కూడా తాకవు. అయిదోదో ఆరోదో అంచు దాకా వస్తుంది. ఆ తర్వాత వాళ్ళ చేతులకి పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తొస్తాయి. చూస్తుండగానే మోచెయ్యి లోపలికి వస్తుంది, మణికట్టు వంగుతుంది, బంతి వెనక్కి తిరుగుతూ పైకి లేస్తుంది. అది ఒక్కరోజులో వచ్చే విద్య కాదు. చిన్నప్పుడెవరో పొద్దున్నే నిద్రలేపి నేర్పింది.

ఆట అయ్యాక మంచినీళ్ళు తాగుతూ వాళ్ళు చెప్పుకునే కథ మాత్రం ఒకటే. స్కూల్లో జిల్లాకి ఆడాం, స్టేట్‌కి ఆడాం, ఇంటర్లో మానేశాం.

ఖమ్మం నుంచి వచ్చిన ఒక టెస్టింగ్ ఇంజినీరు ఉంది. ఫ్రీ త్రో వెయ్యడం ఆమెని చూసి నేర్చుకోవాలి. గీత దగ్గర నిలబడి బంతిని మూడుసార్లు నేలకి కొడుతుంది, ఒక్క ఊపిరి వదిలి వేస్తుంది. బాగా వేసినప్పుడు బంతి నా ఇనుముని తాకదు, నెట్టు ఒక్కటే పైకెగిరి పడుతుంది. ఒకసారి బంతి ముందంచుకి తగిలి, నా అంచు మీద రెండు చుట్లు తిరిగి, బయటికి పడిపోయింది. పక్కనున్న కుర్రాడు అడిగాడు, ఇంత బాగా ఆడతావు, ఎందుకు ఆపేశావని. "టెన్త్ దాకా ఆడాను. ఇంటర్లో కాలేజీకి గ్రౌండే లేదు. నాలుగో అంతస్తులో క్లాసు, అయిదో అంతస్తులో హాస్టలు. ఎంసెట్ అయ్యాక ఆడుకుందువులే అన్నాడు నాన్న," అంది. ఎంసెట్ అయ్యాక ఇంజినీరింగ్, ఆ తర్వాత ఉద్యోగం. మళ్ళీ బంతి పట్టుకుంది ఇక్కడే.

2018లో నా కొరత తీరింది. జకార్తా ఆసియా క్రీడల్లో మొదటిసారి 3x3 పెట్టారు. జట్టుకి ముగ్గురు ఆటగాళ్ళు, బయట ఒకరు. సగం కోర్టు. ఒక్కటే రింగు! పది నిమిషాల ఆట, ఈలోగా ఎవరు ముందు 21 పాయింట్లు చేస్తే వాళ్ళదే గెలుపు. బంతి చేతికొచ్చిన 12 సెకన్లలో షాట్ పడాలి. వంపుగీత లోపల్నుంచి వేస్తే ఒకటి, బయట్నుంచి వేస్తే రెండు. అదే ఏడాది ప్రపంచ 3x3 టూర్ కూడా హైదరాబాద్‌లో ఆగింది. చూసొచ్చిన కుర్రాళ్ళు టేపుతో 6.75 మీటర్లు కొలిచి, ఆ ఆదివారమే నా ముందు తెల్లరంగుతో వంపుగీత గీశారు. నాది సగం కోర్టని ఆ తర్వాత ఎవరూ అనలేదు.

అయితే జకార్తాలోనూ, ఆ తర్వాత హాంగ్‌ఝౌలోనూ 3x3కి వయసు హద్దు ఉంది. 23 ఏళ్ళ లోపు వాళ్ళే ఆడాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉద్యోగంలో చేరేసరికే 22. చేతిలో విద్య ఉంది, ఎదురుగా నేనున్నాను, ఆడాల్సిన ఏళ్ళు మాత్రం ర్యాంకులకి పోయాయి. నాకు నిజంగా బాధగా ఉండేది దీనికే.

ఇదే గచ్చిబౌలిలో బ్యాడ్మింటన్ కథ వేరు. 2008లో గోపీచంద్ అకాడమీ మొదలైంది. తెల్లారకముందే పిల్లలు కోర్టులో ఉంటారు, ఏ పరీక్షలొచ్చినా ప్రాక్టీసు ఆగదు. సింధు రియోలో ఒలింపిక్ రజతం గెలిచినప్పుడు ఆమెకి 21. మా ఖమ్మం అమ్మాయికి 21 ఏళ్ళప్పుడు క్యాంపస్ ప్లేస్‌మెంట్. ఇద్దరి మధ్యా తేడా పదహారో ఏట మొదలైందని నా నమ్మకం.

2020లో ఎవరూ రాలేదు. క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి టవర్ కరోనా రోగులకి టిమ్స్ ఆసుపత్రి అయింది. నాకు తుప్పు పట్టింది. తిరిగొచ్చినవాళ్ళు ముందు ఆ తుప్పు గీకి, నారింజ రంగు వేశారు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన అమ్మాయిల జట్టు క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ ఉత్తర కొరియా చేతిలో ఓడిపోయింది. అంతకు నాలుగేళ్ళ ముందు దక్షిణాసియా క్రీడల్లో స్వర్ణం మనదే. పక్కింటి పోటీలో గెలిచి, పెద్ద పోటీలో క్వార్టర్ ఫైనల్ దగ్గర ఆగిపోతున్నాం. పదహారేళ్ళకి ఆట మాన్పించే పద్ధతి ఉన్నంతకాలం ఆ గోడ దాటడం కష్టం.

మా సెక్యూరిటీ అన్నకి తొమ్మిది చదివే కూతురుంది. ఆదివారాలు తండ్రితో వచ్చేది. ఖమ్మం అమ్మాయి బంతి ఇచ్చి నిలబెట్టింది. ఇప్పుడు ఆ పిల్ల ఎడమ చేత్తో కూడా లే-అప్ వేస్తుంది, బంతి బోర్డు మీది చదరంలో సరిగ్గా తగిలి నాలోకి దిగుతుంది. ఖమ్మం అమ్మాయి మొన్న ఆ తండ్రిని అడిగింది.

"అన్నా, టెన్త్ అయినంక పాపని ఎక్కడేస్తున్నవ్?"

"ఇంటర్ల ఏస్త మేడం. మా బావమరిది ఒక కాలేజి చెప్పిండు, ర్యాంకులు మంచిగొస్తయంట."

"గ్రౌండ్ ఉందా అందులో?"

"అడగలే మేడం."

"అడుగన్నా. పోయి కళ్ళతో చూడు. లేకపోతే వేరేది వెతుకుదాం. 2030లో దోహాల ఆసియా క్రీడలున్నయ్. అప్పటికి దీనికి ఇంకా ఇరవై మూడు దాటవు."

ఆయన కాసేపు కూతురి వంక చూశాడు. "గట్లనే మేడం, పోయి చూసొస్త," అన్నాడు. తనూ వెంట వస్తానంది ఆమె.