వాన 1 – ఇల్లందు 0

ఆదివారం ముసురు పట్టింది. ఓపెన్‌కాస్టులో బొగ్గు ఆగింది, గ్రౌండ్‌లో పిల్లల ఫుట్‌బాల్ ఆగింది.

1889 నుంచి బొగ్గు తవ్వుతున్న ఊరికి గుంతలు కొత్త కాదు. కాకపోతే గనిలో నీళ్లు తోడటానికి మోటార్లున్నాయి, గ్రౌండ్‌లో పిల్లల బూట్లే దిక్కు.

నిజానికి చినుకు పడితే ఆగేది క్రికెట్టు, ఫుట్‌బాల్ కాదు. ఆ రూలు రిఫరీకి తెలుసు, అమ్మ ఒప్పుకోదు.

మ్యాచ్ హాల్లోకి మారింది. ఒక గోల్‌పోస్టు ఫ్రిజ్, రెండోది కునుకు తీస్తున్న తాతయ్య. తొలి గోల్ మిర్చి బజ్జీల పళ్లెంలో పడింది. రెడ్ కార్డు నాన్నకు, బాల్ కొనిచ్చినందుకు!

మన ఫుట్‌బాల్ తక్కువదేం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ భారత జట్టును నాలుగో స్థానంలో నిలిపాడు. 2025లో మెస్సీ ఉప్పల్ దాకా వచ్చాడు. అదీ డిసెంబరు చూసుకుని!

జులైలో ఇల్లందు రమ్మనండి, చూద్దాం.