మీట నొక్కి మాట్లాడండి

ఈ కాలం పిల్లలకు మైకు తెరవడం వచ్చు, మూయడం రాదు. ఆదివారం పొద్దున ఏ ఆటలో చేరినా ఇదే గోల. ఒకరింట్లో కుక్కరు కూత, ఇంకొకరింట్లో మిక్సీ, మూడో అబ్బాయి నెత్తి మీద సీలింగ్ ఫ్యాను, నాలుగో అబ్బాయి కీబోర్డు టకటక. వాలరెంట్ లాంటి ఆటలో శత్రువు అడుగుల చప్పుడు విన్నవాడే బతుకుతాడు. ఇంత రొదలో ఆ అడుగులు ఎవరికి వినబడతాయి? అడిగితే, "మైకు బాగాలేదు మామయ్యా, కొత్తది కొంటాను" అంటారు. ఉన్న మైకే వేలు పోసి కొన్నది. దాని అడుగున రంగురంగుల దీపాలు కూడా వెలుగుతుంటాయి.

మా రోజుల్లో గొంతు పంపడం అంత సులువు కాదు. నెట్ మీద ఫోన్ మాటలకు మన దేశంలో అనుమతి వచ్చిందే 2002 ఏప్రిల్‌లో. అప్పట్లో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లలో మైకులు ఉండేవి, కానీ ఆటకు కాదు. అమెరికాలో ఉన్న కొడుకుతో యాహూ మెసెంజర్‌లో మాట్లాడటానికి పెద్దవాళ్లు వచ్చేవారు, వాళ్ల కోసం. మేం పక్కపక్కన కూర్చుని కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లం, ఒక కేక వేస్తే చాలు. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చి 256 కేబీపీఎస్ లైను మాలాంటి ఇళ్లకు చేరాకే ఎవరింట్లో వాళ్లు కూర్చుని మాట్లాడుకుంటూ ఆడటం మొదలైంది.

ఆ సన్నటి లైనులోనే ఆటా వెళ్లాలి, మాటా వెళ్లాలి. అందుకే కౌంటర్ స్ట్రైక్‌లో 'కె' మీట నొక్కి పట్టుకుంటేనే గొంతు వెళ్లేది. మాటల కోసం విడిగా టీమ్‌స్పీక్, వెంట్రిలో పెట్టుకున్నా ఒక మీట కేటాయించుకునేవాళ్లం. నొక్కాలి, "లాంగ్‌లో ఇద్దరు" అనాలి, వదిలేయాలి. డస్ట్ టూ మ్యాపులో లాంగ్, షార్ట్, మిడ్, టన్నెల్ అన్న నాలుగు మాటలతో ఆట మొత్తం నడిచేది. చచ్చిపోయినవాడు ఎక్కడ చచ్చాడో ఒక్క ముక్క చెప్పి ఊరుకునేవాడు. ఇప్పుడు చచ్చినవాడే అందరికంటే ఎక్కువ మాట్లాడుతున్నాడు. లైను ఎంత వెడల్పయితేనేం, వినేవాడి చెవులు రెండే కదా!

కొత్తవి మంచివి కావని నేననను. గొంతును కుదించి పంపడానికి 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ కోడెక్ ఉంది. తక్కువ డేటాలోనే మనిషి గొంతును ఇంత శుభ్రంగా మోయడం మా కాలంలో లేదు. అప్పటి స్పీక్స్ కోడెక్‌లో గొంతు గరగరమనేది. 2015లో డిస్కార్డ్ వచ్చాక సర్వర్ అద్దె, పోర్టు నంబరు, పాస్‌వర్డు గొడవలు పోయాయి. డల్లస్‌లో ఉన్నవాడూ, మెల్‌బోర్న్‌లో ఉన్నవాడూ, కూకట్‌పల్లిలో ఉన్నవాడూ వారానికోసారి ఒకచోట చేరుతున్నారంటే దాని చలవే. మా బ్యాచ్‌లో కొందరికి ఆట కన్నా ఆ పలకరింపే ముఖ్యం. అందుకే నాకింత పట్టింపు. అంత దూరం నుంచి వచ్చిన గొంతును ఫ్యాను మింగేస్తుంటే కోపం రాదా?

అసలు రోగం దూరం దగ్గర ఉంది. మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. నోటికి 10 సెంటీమీటర్లలో ఉన్న మైకును తీసి 40 సెంటీమీటర్ల అవతల బల్ల మీద పెడితే 12 డెసిబెల్స్ పోయినట్టే. ఫ్యాను చప్పుడు మాత్రం ఉన్నంతే ఉంటుంది. గొంతు వినబడటం లేదని గెయిన్ పెంచుతారు, దాంతోపాటు ఫ్యానూ పెరుగుతుంది. మరీ పెంచితే గొంతు పగిలిపోతుంది. మా హెడ్‌సెట్ కర్ర మైకు చవకదే, కానీ పెదవి చివర రెండు వేళ్ల దూరంలో ఉండేది. సరిగ్గా నోటికి ఎదురుగా కాదు, కాస్త పక్కకి. ఎదురుగా పెడితే ప, ఫ, భ అన్నప్పుడల్లా గాలి కొట్టి 'ఢబ్' మంటుంది. దాని మీద స్పాంజి తొడుగు పోతే వెంటనే ఇంకోటి తెచ్చుకునేవాళ్లం.

స్టాండు మైకు కొన్నవాళ్లలో చాలామంది దాని ముఖం ఎటుందో చూడరు. బ్లూ యెటి లాంటివి పక్కనుంచి వింటాయి, పైనుంచి కాదు. ఐస్‌క్రీం కోనులా పట్టుకుని కొసలో మాట్లాడితే దానికి సగమే అందుతుంది. వెనకవైపు శబ్దం తగ్గించే కార్డియాయిడ్ పద్ధతి దానిలో ఉంటుంది. అది పెట్టుకుని, కీబోర్డు మైకు వీపు వైపు వచ్చేలా సర్దుకుంటే టకటక సగం తగ్గుతుంది.

మనవాళ్లు చేసే ఇంకో పని, పాటల మైకు తెచ్చి కంప్యూటర్‌కు తగిలించడం. అది డైనమిక్ మైకు, దాని నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. కంప్యూటర్ గులాబీ రంధ్రం ఎలక్ట్రెట్ మైకు కోసం చేసింది. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్‌హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కనిపెట్టిన ఆ ఎలక్ట్రెట్ జాతిదే ఇవాళ్టి హెడ్‌సెట్లలోనూ ఎక్కువగా ఉంటుంది. దానికి కంప్యూటరే కొన్ని వోల్టులు అందిస్తుంది. స్టూడియో కండెన్సర్లలో చాలావాటికి 48 వోల్టులు కావాలి. అవి ఇవ్వకుండా "గొంతు రావట్లేదు" అంటే ఎలా వస్తుంది?

మా కాలంలో పిన్నులు రెండు. గులాబీ మైకుకు, ఆకుపచ్చ చెవులకు. చదువు రానివాడు కూడా రంగు చూసి గుచ్చేవాడు. ఇప్పుడు ఒకే పిన్ను మీద నాలుగు భాగాలు. ఫోన్‌లో పనిచేస్తుంది, డెస్క్‌టాప్ వెనక గులాబీ రంధ్రంలో పెడితే మూగదైపోతుంది. ఎందుకంటే మైకు తీగ ఆ పిన్ను మొదలు దగ్గరి భాగానికి ఉంటుంది. గులాబీ రంధ్రం వెతికేది కొసన. డబ్బు పెట్టి హెడ్‌సెట్ మార్చక్కర్లేదు. ఒక పిన్నును రెండుగా చీల్చే చిన్న వైరు సికింద్రాబాద్ సీటీసీలో ఏ కొట్లో అడిగినా ఇస్తారు.

బ్లూటూత్ హెడ్‌సెట్ ఆటకు వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు. పాట వినడానికి దానికి ఒక దారి, ఫోన్ మాటకు ఇంకో దారి. చాలా హెడ్‌సెట్లలో మైకు తెరవగానే మొత్తం రెండో దారికి మారిపోతుంది. అక్కడ రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం, అదీ 8 లేదా 16 కిలోహెర్ట్‌జ్ శాంపిలింగ్‌తో. అడుగులు ఎడమవైపా కుడివైపా అన్నదే తెలియదు. తీగ ఉన్నదాన్ని మించింది లేదు.

గొంతు ఆగితే వెతకడానికి ఒక వరస ఉంది. నోటి దగ్గర మొదలుపెట్టి యంత్రం వైపు వెళ్లాలి. తీగ మీద మ్యూట్ మీట పడి ఉందా? పిన్ను పూర్తిగా దిగిందా? అదే హెడ్‌సెట్ ఫోన్‌కు పెట్టి రికార్డు చేస్తే పలుకుతోందా? అక్కడ పలికితే మైకు మంచిదే, తప్పు కంప్యూటర్‌లో ఉంది. కేబినెట్ ముందువైపు రంధ్రం వదిలి వెనకది చూడాలి. ఆ తర్వాత విండోస్. వెబ్‌క్యామ్‌లోనూ ఒక మైకు ఉంటుంది కాబట్టి విండోస్ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది, డిస్కార్డ్ ఇంకోదాన్ని, ఆట మరోదాన్ని. మూడు చోట్లా ఒకే పేరు ఉండాలి. 2018 విండోస్ 10 అప్‌డేట్ నుంచి ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్‌కు అనుమతి తీసేసి ఉంటే డిస్కార్డ్‌కైనా ఆటకైనా గొంతు అందదు. ఇవేవీ చూడకుండా విండోస్ మళ్లీ ఎక్కించిన మహానుభావులున్నారు.

మైకులో 'గుయ్' మని మోత వస్తుంటే అది మైకు తప్పు కాకపోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, ఆ మోత దానిదే. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగితే ఎర్తింగ్ చూపించాలి. గోడలో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. చాలా ఇళ్లలో ఆ తీగ ఎక్కడికీ వెళ్లదు, వెళ్లినా ఎండాకాలంలో గుంత ఎండిపోయి ఉంటుంది. మా నాన్నగారు వేసవిలో ఎర్త్ గుంతలో బిందెడు నీళ్లు పోయించేవారు. ఈ అపార్టుమెంట్లలో ఆ గుంత ఎక్కడుందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు.

ఇప్పుడు యంత్రమే రొదను తీసేస్తుందిగా అంటారు. నిజమే, 2020లో డిస్కార్డ్ క్రిస్ప్ అనే జల్లెడను చేర్చాక ఫ్యాను, కుక్కరు చాలావరకు మాయమవుతున్నాయి. కానీ ఆ జల్లెడ మాట మొదటి అక్షరాన్నీ కొన్నిసార్లు మింగుతుంది, నవ్వునూ మింగుతుంది. హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో ఒకటి, డిస్కార్డ్‌లో ఇంకోటి పెడితే నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది. ఒకటే ఉంచండి. మీట పద్ధతి డిస్కార్డ్‌లో ఇప్పటికీ ఉంది, 'పుష్ టు టాక్' అని. మౌస్ పక్కన బొటనవేలి కింద ఉండే బటన్‌కు పెట్టుకుంటే ఆటకు అడ్డమూ రాదు. గదిలో చేరేముందు మైక్ టెస్ట్ నొక్కి మీ గొంతు మీరే ఒకసారి వినండి. మైకుసెట్టువాడు సైతం హరికథ మొదలయ్యేలోపే 'హలో, మైక్ టెస్టింగ్' అనేవాడు, కథ మధ్యలో కాదు.

ఇక ఏది కొనాలని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. తలుపు మూసుకునే గది లేనివాళ్లు స్టాండు మైకు జోలికి పోవద్దు. కర్ర మైకున్న తీగ హెడ్‌సెట్ కొనుక్కోండి, కర్ర వంగేదీ స్పాంజి మార్చుకోగలిగేదీ చూసి. తెగేది ఎప్పుడూ పిన్ను మెడ దగ్గరే. తెగిందని పారేయకండి. కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త పిన్ను కొని, తీగ నాలుగు వేళ్ల మేర కోసి, సోల్డరింగ్ చేయించండి.